వెంగయ్య ఆపిన మాట

ఆ రోజు మధ్యాహ్నం క్లాసులో నల్లబల్ల మీద రాస్తున్నాను. "అయ్యవారూ, ఆ పొద్దు ఏం జరిగిందంటే..." అని వెనకనుంచి వినిపించింది. తిరిగి చూశాను. మార్కాపురం ట్రైనింగు స్కూల్లో నా దగ్గర సైకాలజీ చదివేవాళ్లంతా తలలు వంచి రాసుకుంటున్నారు. ఆ గొంతు వెంగయ్యది. వెంగయ్య పోయి అప్పటికి నెల దాటింది.

హనుమంతునిపాడు పక్కన గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. టీచరు ట్రైనింగుకు మా దగ్గర చేరాడు. కాన్పులో భార్య పోయింది. దినాలు కాగానే బడికొచ్చాడు. క్లాసయ్యాక నా బల్ల దగ్గర నిలబడి సరిగ్గా ఆ మాట అని, నా మొహంలోకి చూసి ఆగాడు. ఊ కొడతానని ఆగాడు. కథ వినే పసిపిల్లలకు కూడా తెలిసిన పని అది. నేను కొట్టలేదు. "అయిందేదో అయిపోయింది. ధైర్యంగా ఉండాల" అని, ఇంగ్లీషు పుస్తకంలో దుఃఖం గురించి ఉన్న పేరాకు అర్థం చెప్పాను. బాగా చెప్పానని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

"సరే అయ్యవారూ" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు. వారం తిరగకముందే తన ప్రాణం తానే తీసుకున్నాడు.

ఆ గొంతు రోజూ రాసాగింది. అంతవరకే వచ్చి ఆగేది. అన్నం సయించేది కాదు, నిద్ర లేదు. "ఏందయ్యా, గోడకల్ల చూసి తలూపుతాండావు?" అని నా భార్య సుబ్బమ్మ ఏడ్చేది. తాయెత్తు కట్టించింది. చివరికి రైలెక్కించి గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. చెవి దగ్గర ట్యూనింగ్ ఫోర్క్ మోగించారు, బ్లడ్ తీశారు. "ఇయర్ నార్మల్. ఇది నెర్వస్ బ్రేక్‌డౌన్" అన్నారు. ఆ మాటను నేనే పరీక్షలో ప్రశ్నగా ఇచ్చేవాణ్ణి.

వాళ్లిచ్చిన బ్రోమైడ్ మిక్స్చర్ అనే నిద్రమందుతో నిద్ర పట్టింది. గొంతు తగ్గింది. రెండు నెలలకు బడికి వెళ్లాను. మొదటి రోజే క్లాసులో ఒక విద్యార్థి "అయ్యవారూ" అని చెయ్యెత్తాడు. సుద్దముక్క జారిపోయింది, నేనూ కూలబడ్డాను. మళ్లీ గుంటూరు.

ఈసారి చూసిన డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, "చెప్పండి" అంది. కొంత చెప్పాను. "ఊ" అంది. ఇంకొంత చెప్పాను. "ఊ." అట్లా నాచేత అంతా చెప్పించింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

"గొంతు పోతుందని మాటివ్వలేనండి. భయం మాత్రం తగ్గుతుంది. ఆయన తండ్రిగారిని కలిశారా?" అని అడిగింది.

కాస్త కోలుకున్నాక వెళ్లాను. ముసలాయన గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మీకాడ అంతా చెప్పుకున్నానన్నాడు మావోడు. ఇంక వాని మనసు కుదుటపడిందిలే అని మేం గమ్మునుండిపోయినాం. ఏం చెప్పినాడు అయ్యవారూ?"

అబద్ధమాడదామా అనిపించింది.

"చెప్పబోయినాడు పెద్దాయనా. నేనే చెప్పనీలేదు."

ఆయన తిట్టలేదు. మళ్లీ కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. తర్వాత కొడుకు పుట్టిన నాటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా ఊ కొట్టాను.

ఇప్పుడు మళ్లీ పాఠాలు చెబుతున్నాను. పుస్తకం తెరవకముందే విద్యార్థులను ఇద్దరిద్దరిగా ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు తన సంగతి చెప్పాలి, రెండోవారు ఊ తప్ప ఏమీ అనకూడదు. మొదట నవ్వుతారు. కాసేపటికి ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ఒక మాట మొదలుపెట్టి, మీ మొహం చూసి ఆగితే, ధైర్యం చెప్పడానికి తొందరపడకండి. ముందు ఊ అనండి.

మధ్యాహ్నం పూట ఆ గొంతు నాకు ఇంకా అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఎవరున్నా సరే, పైకే "ఊ" అంటాను. వెంగయ్య మాత్రం అక్కడే ఆగిపోతాడు.