ప్లగ్గు పీకి చూడమన్నాను

పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, ఒక జూన్ మొదటి సోమవారం, నన్ను బాగేపల్లి నుంచి చింతామణికి బదిలీ చేశారు. రెండు ఊళ్ళలోనూ మా ట్రస్టుకు డిప్లొమా కాలేజీలున్నాయి, పెద్దాఫీసు చిక్కబళ్ళాపురంలో. నా హోదా ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్. లెక్చరర్‌కు ఒక మెట్టు కింద, మెకానిక్‌కు ఒక మెట్టు పైన. ఇరవై ఆరేళ్ళు ఆ మెట్టు మీదే ఉన్నాను. ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఆ సంగతి నాకు గుర్తు చేశారో వరసగా చెప్పగలను.

బదిలీ ఉత్తర్వులో పని స్పష్టంగా రాశారు. ఆ ఏడు చింతామణిలో వీడియో గేములు తయారుచేసే కోర్సు మొదలవుతోంది. పిల్లలకు ఇరవై ల్యాప్‌టాప్‌లు కొనాలి. అవి ల్యాబ్‌లో ఉండేవి కావు. కోర్సు అయ్యేదాకా ఇళ్ళకు తీసుకుపోయి పనిచేసుకునేవి. కొనుగోలు కమిటీకి ప్రిన్సిపాల్ అధ్యక్షుడు, నేను సాంకేతిక సభ్యుణ్ణి. నడిపించేది మాత్రం విభాగాధిపతి మోహన్ సార్. వయసులో నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న.

సరఫరాదారు రెండు నమూనాలు పంపాడు. ఒకదాంట్లో పెద్ద ప్రాసెసర్, గేముల కోసం విడిగా గ్రాఫిక్స్ కార్డు. రెండోది పలుచని యంత్రం. ప్రాసెసర్ తక్కువ కరెంటు తీసుకునే రకం, గ్రాఫిక్స్ కూడా అందులోనే కలిసి ఉంటుంది. మోహన్ సార్ రెండింటికీ ఛార్జర్లు తగిలించి పరీక్షా ప్రోగ్రామ్ నడిపారు. పెద్దదానికి రెట్టింపు మార్కులొచ్చాయి. ఛార్జర్లు తీసేసి మరోసారి నడపమని నేనడిగాను.

"గేమింగ్ యంత్రాన్ని ప్లగ్గు పీకి ఎవరు చూస్తారప్పా? నువ్వు కేబుళ్ళు చూసుకో. ప్రాసెసర్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు మోహన్ సార్.

ఇద్దరు నవ్వారు. ప్రిన్సిపాల్ నవ్వలేదు, అడ్డమూ చెప్పలేదు. ఆ 'నువ్వు' నాకు ఈ రోజుకీ వినిపిస్తుంది.

నేనడిగిన దానికి కారణం ఉంది. ప్లగ్గులో ఉన్నంతసేపు పెద్ద ప్రాసెసర్ తనకు కావలసినంత కరెంటు లాక్కుంటుంది. బ్యాటరీ అంత ధారగా ఇవ్వలేదు కాబట్టి, ప్లగ్గు తీయగానే యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తగ్గించుకున్నాక కూడా చిన్నదానికంటే ఎక్కువే తాగుతుంది. అంటే వేగమూ పోతుంది, బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది. ఇది పెట్టె మీద రాయరు.

మరి పిల్లలకు ఇంట్లో ప్లగ్గు దొరకదా? ఇది బెంగళూరు నుంచి వచ్చిన మోహన్ సార్ లాంటివాళ్ళు వేసే ప్రశ్న. నేను పిల్లల్నే అడిగాను. దిబ్బూరహళ్ళి అమ్మాయి శశికళ వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగు పొర విడిచే దశను మావైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక పురుగు పగలూ రాత్రీ మేస్తుంది. గదిలో గాలి, వేడి సరిగా ఉండకపోతే పంటంతా పోతుంది.

"నాలుగో జ్వరం లేసినాక ప్లగ్గులన్నీ పురుగులకే సార్" అంది శశికళ. "ఫ్యాన్లు యాడ తీస్తానో అని మా నాయన కాపలా ఉంటాడు. ఫోన్ కూడా పెట్టనీడు. నేను పరీక్ష తప్పితే మళ్ళీ రాయొచ్చంట, పురుగు తప్పితే లేదంట."

ఏడాదికి ఎన్ని పంటలు తీస్తారని అడిగాను. ఐదారు అంది. ఒక్కో పంటకూ వారం పైన ప్లగ్గులు దొరకవు. ప్రాజెక్టు అప్పగించే గడువు సరిగ్గా ఒక పంట మీద పడుతోంది. కాలేజీలో ఛార్జి చేసుకుపోయినా గంటకే ఆరిపోయే యంత్రం చేతికిస్తే ఆ పిల్ల కోర్సు పూర్తి చేయలేదు. ఇరవై మందిలో తొమ్మిదిమందివి అలాంటి ఇళ్ళే.

కమిటీ సభ్యుడు తన భిన్నాభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇవ్వవచ్చని మా కొనుగోలు నియమాల్లో ఉంది. రెండు పేజీలు రాసి, ఆఫీసుకు అందిన కాగితాలకు వేసే ఆవక నంబరు వేయించి, నకలు మీద సంతకం తీసుకున్నాను. జవాబు రాలేదు. గుర్తు చేస్తూ వారానికొక జ్ఞాపిక చొప్పున నాలుగు పంపాను. చివరికి, నా నోరు మూయించడానికే కావచ్చు, ప్లగ్గు లేకుండా చేసి చూపమన్నారు.

ఆ రోజు నేను ఓడిపోయాను. ఒకే గేము, ఒకే దృశ్యం, తెరల వెలుగు సమానం. పెద్ద యంత్రం బ్యాటరీ మీద సెకనుకు నలభై ఫ్రేములు చూపించింది. ఫ్రేము అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మ. ముప్పైకి తగ్గితే ఆట కుదుపుతుంది. నా పలుచని యంత్రం ఇరవై ఎనిమిది దగ్గర కుంటింది.

"ఇది ఆట ఆడతాండాదా, ఫోటోలు చూపిస్తాండాదా నర్సింహప్పా?" అన్నారు కమిటీలోని లెక్కల సూపరింటెండెంటు, నా వైపు తిరిగి. ఈసారి ప్రిన్సిపాల్ కూడా నవ్వారు.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ ప్రాసెసర్ అంత తక్కువ చూపించకూడదు. మూడోరోజు తట్టింది. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న యంత్రానికి సొంత మెమరీ ఉండదు, ల్యాప్‌టాప్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్ రెండు ముక్కలుగా ఉంటే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. ఎంత పెద్దదైనా ఒకే ముక్క ఉంటే దారి ఒకటే. ఆఫీసు పనికి ఆ తేడా తెలియదు, ఆటకు తెలుస్తుంది. వెంటనే వెళ్ళి యంత్రంలో సమాచారం తీసి చూశాను. ర్యామ్ ముక్కలు దూర్చే గాడులు రెండుంటే, ఒకటి ఖాళీ.

కానీ నమూనా సీలు నేను విప్పకూడదు. విప్పితే పరీక్ష చెల్లదు, నా మీద విచారణ కూడా వస్తుంది. కాబట్టి సరఫరాదారు మనిషే కమిటీ ఎదుట సీలు తీసి రెండు ముక్కలు అమర్చాలనీ, పరీక్ష పెద్దాఫీసులో జరగాలనీ ఐదో జ్ఞాపిక నేరుగా ట్రస్టు కార్యదర్శి వెంకటరోణప్ప గారికి పంపాను. పై అధికారిని దాటి రాసినందుకు ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగారు. అదే రోజు నియమం సంఖ్యతో సహా జవాబిచ్చాను.

చిక్కబళ్ళాపురంలో ఉదయం పదకొండింటికి రెండు యంత్రాలూ బల్ల మీద పెట్టారు. సీలు తీశారు, ముక్కలు మార్చారు, ఛార్జర్లు పీకేశారు. రెండింట్లోనూ ఒకే దృశ్యం తిరుగుతోంది. పెద్దది నలభై. నాది యాభై ఒకటి. మోహన్ సార్ వంగి అంకె రెండుసార్లు చూశారు.

వెంకటరోణప్ప గారిది వక్కల వ్యాపారం. కంప్యూటర్ తెలియదు, దాపరికం లేకుండా ఆ మాటే చెప్పారు. "నాకు ఒకటే కావాల. ఏది ముందు ఆరిపోతాది? కూర్చుందాం" అన్నారు.

కూర్చున్నాం. యాభై ఎనిమిదో నిమిషానికి పెద్ద యంత్రం తెర నల్లబడింది. రెండోది నడుస్తూనే ఉంది. కార్యదర్శి భోజనం చేసి వచ్చారు, ఇంకా నడుస్తోంది. మొత్తం రెండు గంటల యాభై నిమిషాలు.

"ఈయప్ప మాట జూన్‌లోనే వినుంటే మీకేం పోయేది మోహనప్పా?" అని కార్యదర్శి మెల్లగా అడిగారు. మోహన్ సార్ ఛార్జర్ల తీగలు చుట్టసాగారు. ఆ దృశ్యం నాకు చాలా తృప్తినిచ్చింది. ఇవ్వలేదని రాస్తే అబద్ధం.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ప్లగ్గులో ఉంటే పెద్దదే గొప్పది. భారీ దృశ్యాలు తయారుచేయడానికి అలాంటివి రెండు అదనంగా కొని ల్యాబ్‌లో ఉంచమని నేనే ప్రతిపాదించాను. పిల్లలకు ఇరవై పలుచనివి. ర్యామ్ రెండు సమానమైన ముక్కలుగా ఉండాలన్న షరతు కొనుగోలు పత్రంలో చేరింది. సంతకానికి వచ్చిన తీర్మానంలో నన్ను 'సహాయక సిబ్బంది' అని రాశారు. 'సాంకేతిక సభ్యుడు' అని దిద్ది, మళ్ళీ టైపు చేసి తెచ్చేదాకా సంతకం పెట్టలేదు. నలభై నిమిషాలు పట్టింది. అందరూ ఎదురుచూశారు.

శశికళ ప్రాజెక్టు గడువుకు రెండు రోజుల ముందే అప్పగించింది. ఆ వారం వాళ్ళింట్లో పురుగులు గూళ్ళు కడుతున్నాయి.

ఈ పని చేసేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇంతే. యంత్రం ఏ ఇంట్లో నడవాలో ముందు కనుక్కోండి, ఆ ఇంటి పరిస్థితిలోనే పరీక్షించండి. ఫలితం తేడాగా ఉంటే ప్రాసెసర్‌ను తిట్టేముందు ర్యామ్ చూడండి. అభ్యంతరం నోటితో చెప్పకండి, రాసి ఆవక నంబరు వేయించుకోండి. కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.