మంత్రం ఇంటి కుక్క

బత్తలపల్లె పక్కన మా ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ మంత్రం ఇల్లు అంటారు. తాత కూడబెట్టిన భూములు నాయన కాలంలోనే పోయాయి. బోరు వేసిన చోటల్లా దుమ్మే లేచింది. నాకు దక్కినవి నిటారుగా నడిచే అలవాటు, పాముకాటు మంత్రం. ఆ మంత్రానికి నియమాలున్నాయి. కరిచిందని కబురొస్తే తింటున్న ముద్ద వదిలి లేవాలి. ఆ పూట పరాయివాళ్ల దగ్గర మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. పశువుల మేతకు వేసిన చెనక్కాయ కట్టె వామి దగ్గర మా కుక్కను రక్తపింజరి కరిచిందని నా భార్య వచ్చి చెప్పింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాను.

నల్ల నాటుకుక్క. పరాయివాళ్లు పెట్టింది ముట్టదు. మా వంశం గుణం దానికే సరిగ్గా వచ్చిందని అనేవాణ్ణి. మూతి ఒకపక్క వాచి, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. అయినా నన్ను చూసి తోక ఊపింది.

ఇరుగుపొరుగు చేరారు. ఎవరో వేపమండ తెచ్చి నా చేతికి అందించారు. నేను దాన్ని పక్కన పెట్టి, పక్కింటతన్ని ఆటో అడిగాను. అంతవరకు ఎవరినీ బండి అడిగి ఎరగను.

ఎదురింటి అవ్వ అడ్డం నిలబడింది. "ఏమప్పా, మంత్రం ఇంట్లో పెట్టుకోని ఆస్పత్రికి పోతాండావా?"

"మా మంత్రం మనుషులకవ్వా. కుక్కలకి పన్జెయ్యదు."

ఆ నియమం అప్పటికప్పుడు పుట్టింది.

కుక్కను కదలనీయకుండా ఒళ్లో పెట్టుకుని, దారి పొడవునా పెదవులు కదుపుతూనే ఉన్నాను.

"కుక్కలకి పన్జెయ్యదంటివే," అంది పక్కన కూర్చున్న నా భార్య.

కట్టు కట్టారా, గాటు పెట్టారా అని పశువుల డాక్టరమ్మ మొదట అడిగింది. లేదన్నాను. గాజు గొట్టంలోకి తీసిన రక్తం ఎంతసేపైనా గడ్డకట్టలేదు. విషం ఎక్కిందని చెప్పి, విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించింది. వెంటనే, నడిపించకుండా తెచ్చినందుకే ఆశ ఉందన్నది. సాయంత్రానికి నెత్తురు ఆగింది.

ఆమె గిన్నెలో నీళ్లు పెడితే కుక్క ముఖం తిప్పుకుంది. గిన్నె నేను పట్టుకుంటే తాగింది. డాక్టరమ్మ నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తాగాను.

మొన్న ఒక కూలీ, చేలో పాము కరిచిన తన భార్యను తీసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ముద్ద వదిలి లేచి, పక్కింటతన్ని పిలిచాను.

"ఆటో ఎక్కండప్పా," అన్నాను. "మంత్రం దావలో ఏస్తా."

అందరికంటే ముందు కుక్క ఎక్కి కూర్చుంది. దాన్ని దింపడానికి నా భార్య రావలసి వచ్చింది.