తరఫునమ్మ

ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరూ పలకరు. మోటారు పంపుల కంపెనీ నుంచి వెళ్ళే ఉత్తరాల అడుగున "మేనేజరు తరఫున" అని రాసి సంతకం పెట్టేది ఆవిడే కనుక, అందరికీ తరఫునమ్మ. ఆ పిలుపు వింటేనే ఆవిడకి ఒళ్ళుమంట.

అన్ని ఉత్తరాలూ ఆవిడ వంతుకి రావు, అదే వచ్చిన చిక్కు. ఉద్యోగం ఇచ్చాం, ఏజెన్సీ ఇచ్చాం లాంటివాటికి మేనేజరుగారే స్వయంగా, పెన్ను మార్చి మరీ, సగం కాగితం ఆక్రమించేలా సంతకం చేస్తారు. "విచారిస్తున్నాం" అనే మాట కనబడిందో, ఆ కాగితం తిన్నగా ఆవిడ బల్ల మీదికి వచ్చి పడుతుంది. మంచి చెప్పడానికి ఆయన, చెడు చెప్పడానికి ఆవిడ. దాంతో ఊళ్ళో సగంమంది ఆవిడ మీద కారాలు మిరియాలు నూరుతుంటారు. కూరల కొట్టాయన కొడుక్కి ఆ కంపెనీలో ఉద్యోగం రాలేదు. అప్పటినుంచీ ఆయన ఆవిడకి ఏరి ఏరి పుచ్చులే తూస్తాడు. "నాదేముందయ్యా, ఉత్త సంతకం" అంటే వినేదెవరు?

చదివితే మనసు పాడవుతుందని ఆవిడ ఆ ఉత్తరాలు చదవడం ఎప్పుడో మానేసింది. కట్ట రాగానే టకటకా సంతకాలు గీకేసి, ఆ తరవాత కవర్ల మీద చిరునామాలు రాసుకుంటూ పోతుంది. ఆ మధ్యాహ్నం అలా రాస్తూ రాస్తూ ఒక చిరునామా దగ్గర ఆగింది. అది తన ఇంటిదే. అక్కకి ఆపరేషను, చూసుకోవడానికి తను తప్ప దిక్కులేదు, నెలరోజులు సెలవు ఇప్పించమని పెట్టుకున్న అర్జీకి జవాబు అది. ఇవ్వలేకపోతున్నందుకు కంపెనీ విచారిస్తోంది. కింద తన సంతకమే, ముత్యంలా.

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన సంతకాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేసి, కాగితం తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టింది.

"దీని మీద మీరే పెట్టండి సార్."

"ఎప్పుడూ నువ్వేగా పెట్టేది, అమ్మా."

"ఊళ్ళోవాళ్ళందరికీ కుదరదని చెప్పాను సార్. మా అక్కని గాలికొదిలెయ్యమని నాకు నేనే ఎలా చెప్పుకోను? మీరు చెప్పండి. నేనిక్కడే నిలబడతాను."

ఆయన పెన్ను మూత తీశారు. కాగితం చూశారు, ఆవిడ మొహం చూశారు. చెయ్యి మాత్రం కదల్లేదు.

"సరేలే, వెళ్ళిరా. పైవాళ్ళకి నేనేదో చెప్పుకుంటాను" అని ఆ కాగితం చింపేసి, "మిగతావి నువ్వు పోస్టు చేయించెయ్యి" అన్నారు.

సెలవు దొరికింది. అక్క పక్కన మనిషి ఉంటుంది. సంతోషించాల్సింది పోయి, తన బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. ఎదురుగా మనిషి నిలబడితే కాదనలేని ఈ పెద్దమనిషి, ఇన్నేళ్ళూ ఇంతమందిని కాదనగలిగింది ఆవిడ చేతిని అడ్డం పెట్టుకునే. బల్ల మీద మిగిలిన కవర్లు అంటించడానికి ఆ రోజు ఆవిడకి చేతులు రాలేదు.