బోసి నుదురు

తొంభైల చివర్లో శామీర్‌పేట వెళ్లే బస్సులో నా ముందు సీట్లో ఒక మిజోరం యువతి కూర్చుంది. తూంకుంటలో ఇంటింటికీ తిరిగి క్రీస్తు గురించి చెబుతానని పక్కనున్న అవ్వతో తడబడే తెలుగులో అంది. అవ్వ మాత్రం ఆమె నుదుటినీ, చేతులనూ చూస్తోంది.

"గింత చిన్న వయసుల నీ పెనిమిటికి ఏమైంది బిడ్డా?"

"ఏం కాలేదు. వెనక కూర్చున్నాడు."

"మరి బొట్టు లేదు, గాజుల్లేవు! పొద్దుగాల నువ్వెదురైతే మా ఆడోళ్లు ఇంట్లకు మర్లుతరు గదనే!"

ఆమె తన బోసి చేతుల వంక చూసుకుంది.

"అందుకా! ఏడాదిగా నన్ను చూసి తలుపులు వేస్తుంటే, మా దేవుడంటే ఇష్టం లేదనుకున్నాను."

"మీ దేవుడు బొట్టు వద్దన్నడా ఏంది?"

"లేదు. మా ఊళ్లో ఎవరూ పెట్టుకోరు, అంతే."

తూంకుంటలో దిగగానే ఆమె తన భర్త చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కొచ్చి అవ్వకు చూపించింది.

"ఓయమ్మ! నడిబజార్ల మొగుని చెయ్యి పట్టుకుంటరానే!" అంటూ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. తూంకుంట రాగానే బయటికి చూసేవాణ్ణి, ఆమె గాజులు వేసుకుందా, లేక భర్తను వెంటబెట్టుకుని తిరుగుతోందా అని.