అల్లుడు కాదనలేదు

“పోను మామా. నా మీద బేరం పెట్టినోని మొఖం నేను చూడ.”

“గట్లనకు బిడ్డా. పక్షవాతం కొట్టి దవాఖానల పడ్డడు. మాట గూడ పడిపోయిందంట. ఎంతైనా కన్న నాయిన.”

“నాయినా? సంతకం పెట్టుమంటే ఎంతిస్తరని అడిగిండు గదా. గొర్రెపిల్లనా నేను?”

“గప్పుడేదో అన్నడు. ఒక్కసారి చూసిరా. కార్ల నేను తీస్కపోత.”

“నువ్వే చెప్పు అవ్వా. నీ మొఖం మీదనే అడిగిండు గదా పైసలు?”

మనవరాలు అఖిల నా కొడుకును వదిలి నా వైపు తిరిగింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తల ఎత్తలేదు. “అడిగిండు” అన్నాను.

అడగలేదు. ఆ మనిషి ఒక్క పైసా అడగలేదు. ఐదేళ్లుగా నా గుండె మీద ఉన్న రాయి ఇదే. నిన్న దాని మీద నా చేతులతో ఇంకో రాయి పెట్టాను.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను చేసిన తప్పును మాత్రం సర్దొద్దు.

అఖిల నా బిడ్డ కన్న బిడ్డ. తల్లి జ్వరంతో పోయేనాటికి దానికి నడక కూడా సరిగా రాలేదు. అల్లుడు జంగయ్యది కల్వకుర్తి దగ్గర పల్లె. వాడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నేను పిల్లను చంకనేసుకుని చౌటుప్పల్‌లో నా కొడుకు యాదగిరి ఇంటికి తెచ్చుకున్నాను. కొడుకూ కోడలూ తమ పిల్లవాడితో పాటే పెంచారు. కాగితం రాసుకోలేదు. ఇంటి పిల్లను పెంచుకోవడానికి కాగితమెందుకు అనుకున్నాం.

యాదగిరి ప్లాట్ల వ్యాపారంలో బాగా సంపాదించాడు. కరోనా వచ్చి అన్నీ మూసేసినప్పుడు, మూటలు నెత్తిన పెట్టుకుని పిల్లలతో హైవే మీద నడిచిపోయే జనాన్ని చూశాడు. ఆ భయం వాడి ఒంట్లోకి దిగింది. “ఒక్కటే తలుపున్న ఇంట్ల అగ్గంటుకుంటే ఎట్లనే అమ్మా?” అనేవాడు. సముద్రం నడుమ ఏదో చిన్న దేశం ఉందట. అక్కడ డబ్బు పెడితే మనల్ని వాళ్ల పౌరులుగా రాసుకుంటారట. వెళ్లి ఉండాల్సిన పని లేదు. ఆపద వస్తే పోవడానికి ఒక తలుపు, అంతే. అయితే అది తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం పోతుంది. ఇక్కడ ఉండడానికి వేరే కార్డు ఇస్తారట. 

“సొంతింట్ల చుట్టం లెక్క ఉంటవార?” అన్నాను. 

“చుట్టమైతేంది, ఉంటం గదా” అన్నాడు. 

నన్నూ చేర్చుతానన్నాడు. ఈ ముసలి తలకు అంత డబ్బు దండగ అని నేనే వద్దన్నాను.

అఖిల చేరాలంటే వాడి బిడ్డ అని కాగితం కావాలి. దత్తత రాయించాలి. కన్నతండ్రి వచ్చి ఒప్పుకుని సంతకం పెట్టాలి. పదిహేనేళ్లు నిండితే మాత్రం చెల్లదని లాయరు చెప్పాడు. అప్పటికి పిల్లకు పద్నాలుగు దాటాయి. “నువ్వు అడిగితే ఇంటడు” అని కొడుకు నన్ను పంపించాడు.

జంగయ్య వాకిట్లో పల్లికాయలు ఎండబోస్తున్నాడు. చెప్పాను. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

“గట్ల జేస్తే పిల్లకు మంచిగైతదా అత్తా?”

“అయితది.”

“మల్ల నా పేరు?”

“కాగితంల పోతది.”

చాలాసేపు కాయల్ని చేత్తో అటూ ఇటూ జరిపాడు. “కాగితంల పోతే పోనియ్యి. యాడ పెట్టుమంటే ఆడ పెడ్త సంతకం. ఎప్పుడు రమ్మంటే గప్పుడొస్త.” లేచి ఒక సంచి నిండా కాయలు పోశాడు. “పిల్లకిష్టం. నేనిచ్చిన్నని చెప్పు.”

అంతే. వాడికీ నాకూ జరిగిన మాటలు ఇవే. ఒక్క అక్షరం కలపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ సంచి నా ఒళ్లో ఉంది. బస్సు కదిలిన కాసేపటికే నాకు భయం మొదలైంది. దేనికి? పని అయింది కదా, సంతోషించాలి కదా? కానీ కళ్ల ముందు ఒక తలుపు, దాని అవతల మా వాళ్లంతా, ఇవతల నేను. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు, ఊరికే జాగ్రత్త కోసమని వెయ్యిసార్లు విన్నాను. అయినా ఆ తలుపు కళ్ల ముందు నుంచి పోలేదు.

ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగి చెప్పాను. “పైసలడిగిండు. ఇయ్యకుంటే సంతకం పెట్టనన్నడు.”

“ఎంతంట? ఇచ్చేద్దాం” అన్నాడు కొడుకు. 

అది నేను అనుకోలేదు. “ఇయ్యాల ఇస్తే రేపు మల్ల అడుగుతడు. సచ్చిపోయిన నా బిడ్డ పేరు మీద బేరమారా? వాని గడప తొక్కితే నా మీద ఒట్టు” అన్నాను. లోపల్నుంచి అఖిల వచ్చి నిలబడింది. “నన్ను కొనొద్దు మామా” అంది. దత్తత మాట అక్కడితో ఆగింది.

పల్లికాయలు పారేయాలనుకున్నాను. నా చేతికి అలవాటు లేని పని, పారేయలేకపోయాను. బస్టాండులో కొన్నానని చెప్పి వేయించి పెట్టాను. “మస్తున్నయ్ అవ్వా” అని అఖిల తొక్కలు ఒళ్లో పోసుకుంటూ తింది.

తర్వాత జంగయ్య నాకు ఫోన్ చేశాడు. “ఎప్పుడు రమ్మంటరు అత్తా?” అని. అవసరం పడలేదు, వేరే తీరుగా అయిపోయిందని చెప్పాను. “మంచిదే” అన్నాడు. పిల్లకు పదిహేను నిండాయి. ఆ దేశపు పౌరసత్వం మిగతా ముగ్గురే తీసుకున్నారు.

ఎందుకు చేశాను? మనిషికింత అని కట్టాలి కదా, కొడుకుకు ఖర్చు తప్పించానని మొదట్లో నాకు నేనే చెప్పుకున్నాను. కొడుకు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, కనుక అది కాదు. దత్తత రాస్తే పిల్ల కాగితాల్లో నా బిడ్డ పేరు తీసేసి కోడలి పేరు పెడతారని, అది ఓర్చుకోలేకపోయానని కొన్నాళ్లు అనుకున్నాను. వినడానికి బాగుంటుంది. కానీ బస్సులో నా బిడ్డ నాకు గుర్తుకే రాలేదు. ఏనాడైనా వాళ్లంతా ఆ తలుపు దాటితే, దాటలేనిది ఒకతి ఉండాలి, అది నా దగ్గర ఉండాలి. నాకు కావలసింది అదే. పిల్ల దారి మూసి నా భయానికి తోడు తెచ్చుకున్నాను.

భయం తగ్గిందా? రెండింతలైంది. టీవీలో ఎక్కడో యుద్ధమన్నా, కొత్త రోగమన్నా కొడుకు బీరువా తెరిచి ఆ దేశం ఇచ్చిన మూడు పాస్‌పోర్టులూ ఉన్నాయో లేదో చూసుకుంటాడు. వాడిది, కోడలిది, మనవడిది. బీరువా తలుపు చప్పుడైతే నేను అఖిల వంక చూస్తాను. నిజంగా ఆ రోజు వస్తే? వాళ్లు పోలేక, దీన్ని వదల్లేక గుమ్మంలో నిలబడిపోతే? దాటలేని పిల్లకు అప్పటికి నేను కూడా లేకపోతే?

మొన్న ఓట్లప్పుడు అఖిల వేలు మీద సిరా చుక్క చూపించి, “ఇంట్ల ఓటున్నది మనిద్దరికే అవ్వా. మామను కిరాయిదారు అనుకుందాం” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంతకంటే చెప్పకూడనిది ఇంకొకటి ఉంది. నిన్న కొడుకు జంగయ్యకు మాట పడిపోయిందనగానే నాకు మొదట కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. ఇక వాడు చెప్పలేడు. ఒక మనిషి నాలుక పడిపోతే నా లోపల ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. ఎవరది? నేనేనా? అప్పటినుంచి నాకు జంగయ్యంటే భయం లేదు, పిల్లంటే భయం లేదు. నేనంటేనే భయం.

తెల్లారింది. అఖిల వాకిట్లో తల దువ్వుకుంటోంది. ఎదురుగా నిలబడి చెప్పాను. “మీ నాయిన పైసలడగలే. సంతకం పెడ్తనన్నడు. నేనే అబద్ధమాడిన.” ఏడవలేదు. ఏడిస్తే అది నన్ను ఓదార్చాల్సి వస్తుందని.

దువ్వెన ఆగింది. ఒక్కటే అడిగింది. “గప్పటి పల్లికాయలు ఆయనిచ్చినయేనా?”

“అవు.”

జడ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్లింది. యాదగిరికి తనే చెప్పింది. వాడు గడపలో నిలబడి నన్ను చూశాడు. కారు తాళాలు తీస్తే అఖిల వద్దంది. చెప్పులేసుకుని హైవే దాకా నడిచింది. నేను వెనకాలే నడిచాను. పట్నం బస్సు వచ్చింది. అక్కడ దిగి, జంగయ్య ఉన్న కల్వకుర్తి దవాఖానకు ఇంకో బస్సు ఎక్కాలి. నేనూ మెట్టు మీద కాలు పెట్టబోయాను.

“నువ్వు రాకు” అంది.

కాలు తీశాను. అఖిల కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు పోయింది.