మూసిన గేటు ముందు మడత సైకిలు

హిందీవాళ్ళ ఊరు చరోదాలో రైల్వే గేటు పడిందంటే జనమంతా దాని కిందనుంచి దూరిపోతారు. సింహాచలం మాత్రం మడత సైకిలు దిగి, రైలు పోయి, గేటు పూర్తిగా లేచేదాకా కదలడు. ముప్పయ్యారేళ్ళు గేట్‌మేన్‌గా చేసి రిటైరైన మనిషి. స్టేషన్ మాస్టరు ఫోనులో అనుమతి నంబరు చెప్పందే ఏనాడూ గేటు ముట్టుకోలేదు. ఆ సైకిలు కూతురు అపర్ణ కొనిచ్చింది. కిందటేడు స్పెయిన్‌లో సముద్రపొడ్డున వారానికి విల్లా అద్దెకు తీసుకుని, "పొద్దున్నే బీచి దాకా తొక్కుకో నాన్నా" అని ఆయన్నీ, సైకిల్నీ వెంట తీసుకెళ్ళింది. అక్కడ ఆయన అందరికన్నా ముందే లేచి, సైకిలు విప్పి, చక్రాల్లో గాలి నొక్కి చూసుకుని, విల్లా ఇనపగేటు దగ్గరికి వెళ్ళేవాడు. అది మూసి ఉండేది. ఊచల సందులోంచి సముద్రం కనిపించేది. ఎండ ముదిరేదాకా నిలబడి, సైకిలు మడుచుకుని వచ్చేసేవాడు. "బాగా తొక్కావా?" అని అపర్ణ అడిగితే తలూపేవాడు. చివరి రోజు విమానానికని ఆమె తొందరగా లేచింది. గేటు ముందు సైకిలు పట్టుకుని తండ్రి. అప్పుడే ఇల్లు ఊడ్చే ఆవిడ బయటినుంచి ఒక్క చేత్తో గేటు పక్కకి తోసుకుని లోపలికొచ్చింది. తాళమే లేదు.

"అరే నాన్నా, ఇన్ని రోజులూ ఇక్కడే నిలబడ్డావా? ఓ ధక్కా ఇచ్చి చూడొచ్చు కదా!"

సింహాచలం తెరుచుకున్న గేటుకేసి చూశాడు.

"మరి నంబరు ఎవులూ సెప్పనేదు కదమ్మా."