గేటు దగ్గరి దంపతుల ఉపన్యాసం

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది, డెబ్బైలు సగానికి వచ్చిన రోజుల్లో, మా కాలేజీ మీద ఒక ఫిర్యాదు వచ్చింది. పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి రోడ్డు పక్కన కథోలిక సిస్టర్లు నడిపే చిన్న ఆడపిల్లల కాలేజీ అది. నేను అక్కడ కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి బీరంగూడలో కాపురం పెట్టాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఆ సంగతి మా అమ్మ రెండు పూటలా అన్నంతో పాటు వడ్డించేది.

ఫిర్యాదు తెచ్చినాయన జిన్నారం వైపు రైతు. ఆయన వచ్చేసరికి నేను ప్రిన్సిపాల్ గదిలో ఏదో సంతకం కోసం నిలబడి ఉన్నాను.

"మదరమ్మా, నా బిడ్డ లగ్గం వద్దంటున్నది. మూడు సంబంధాలు వాపస్ పోయినయి. ఏందే అంటే, మా కాలేజిల ఎవ్వరు చేసుకున్నరు, అందరు మంచిగనే ఉన్నరు గదా అంటున్నది. జెర మీరే చెప్పుండ్రి, మీ దగ్గర మెడల పుస్తె ఉన్న టీచరమ్మ ఒక్కతన్న ఉన్నదా?"

మా ప్రిన్సిపాల్ మదర్ కేరళ మనిషి. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకుంది. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. సిస్టర్లు ఆరుగురు, లెక్చరర్లం నలుగురం. లెక్క పూర్తయ్యాక నా మెడ వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

అదే నెలలో ఇదే ఫిర్యాదుతో ఇంకో ఇద్దరు తండ్రులు వచ్చారు. మదర్ దిగులుపడి మీటింగు పెట్టింది. "వివాహం కూడా దేవుని పిలుపే. పిల్లలకు మన పిలుపు ఒక్కటే వినిపిస్తున్నది. ఇది మన లోపం" అంది. శనివారం పెళ్ళి గురించి ఉపన్యాసం పెట్టిద్దామంది. చర్చి ఫాదర్‌ను అడిగితే, పోయినసారి తన ఉపన్యాసానికి పిల్లలంతా నిద్రపోయారని గుర్తుచేసి, "పెళ్ళి గురించి నాకన్నా మీ గేటు వాచ్‌మన్‌కే ఎక్కువ తెలుసు మదర్" అని నవ్వాడు. మదర్ నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది.

వాచ్‌మన్ భార్య మా కాలేజీలోనే ఆయా. ఇద్దరూ గేటు పక్క గదిలో ఉండేవారు. మదర్‌కు తెలియనిదీ, రోజూ బస్సు దిగి ఆ గేటులోంచి వచ్చే నాకు తెలిసినదీ ఒకటుంది. నాలుగు నెలలుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

"టీచరమ్మా, చాయ్ అయిందా అని అడుగుండ్రి" అనేవాడతను.

నాలుగడుగుల దూరంలో పొయ్యి ముందు కూర్చున్న ఆవిడ, "పాలు ఇరిగినయని చెప్పుండ్రి" అనేది.

నేను ఇటుది అటూ, అటుది ఇటూ చెప్పి క్లాసుకు వెళ్ళేదాన్ని.

ఈ సంగతి మదర్‌కు చెప్పెయ్యాలనుకున్నాను. చెబితే ఆ ఉపన్యాసమేదో నా నెత్తినే పెడుతుందేమోనన్న భయం ఆపింది. నిజం చెప్పొద్దూ, ఏం జరుగుతుందో చూడాలన్న సరదా కూడా ఉంది.

శనివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. వేదిక మీద మూడు కుర్చీలు వేశారు. మధ్యలో మదర్, ఒకపక్క ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో అతను, ఇంకోపక్క పెట్టెలోంచి తీసిన చీరలో ఆవిడ.

"మీ సంసార జీవితంలోని మాధుర్యాన్ని పిల్లలకు వివరించండి" అంది మదర్.

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇరవై రెండేండ్లాయె మదరమ్మా. మంచిగనే ఉన్నం. అవునా కాదా, ఆమెనడుగుండ్రి."

మదర్ ఆవిడ వైపు తిరిగింది. "మంచిగా ఉన్నారా అని అడుగుతున్నాడు."

"మ్యాక ముచ్చట చెప్పమనుండ్రి."

మదర్ అతని వైపు తిరిగింది. "మేక గురించి చెప్పమంటున్నది."

అతను కాలర్ సర్దుకున్నాడు. ఆవిడే పిల్లల వైపు తిరిగింది. "నా చేతులతోని పెంచిన మ్యాక అమ్మా. పానం బాగలేదు, దవాఖానకు తోల్కపోతనని చెప్పి ఆళ్ళ అక్క ఇంట్ల బోనాలకిచ్చిండు. మల్ల గిన్నెల కూర వట్టుకొచ్చిండు. తిను, మస్తుగున్నదన్నడు. తిన్న. తిన్నంక అడిగిన, నా మ్యాకకు ఎట్లున్నదని."

హాలంతా గొల్లుమంది. మదర్ శిలువ గుర్తు వేసుకుంది. "ఇది చాలా పెద్ద తప్పు. క్షమాపణ అడుగు."

"తప్పయిందని చెప్పుండ్రి మదరమ్మా."

"నేను చెప్పను. ఆమె ఇక్కడనే ఉన్నది. నువ్వు చెప్పు."

 అతను భార్య వైపు తిరిగి, "తప్పయింది" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "గని మా అక్క కొడుకు లగ్గానికి నువ్వెందుకు రాలేదే?"

"నన్ను పిలిచిండ్రా? బొట్టు వెట్టిండ్రా?"

ఇక అక్కణ్ణుంచి ఇద్దరి మధ్యా ఎవరి అవసరమూ లేకపోయింది. పోట్లాడుకుంటూనే వేదిక దిగారు, పోట్లాడుకుంటూనే ఇద్దరూ కలిసి గేటు దాకా నడిచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మదర్ ఖాళీ కుర్చీల మధ్య ఒక్కతే కూర్చుంది.

అప్పుడు రైతు కూతురు లేచింది. "మదర్, గిట్ల నోరిప్పి కొట్లాడనిస్తే నేను చేసుకుంట. చూడనీకి వచ్చినోళ్ళల్ల ఒక్క పిల్లగాడు నాతోని మాట్లాడలే. ఆళ్ళ మేనమామలే మాట్లాడిన్రు."

మదర్ ఆ మాట పట్టుకుంది. చూడటానికి వచ్చే పెళ్ళికొడుకు మొదట మా విజిటర్ల గదిలో అమ్మాయితో అరగంట మాట్లాడాలి, పెద్దలు వరండాలో కూర్చోవాలి అని తండ్రులకు చెప్పింది. ఒప్పుకోని తండ్రులకు టీ ఇచ్చి పంపింది. రైతు గొణుక్కుంటూనే ముత్తంగి నుంచి ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చాడు. మూల కుర్చీలో స్వెట్టరు అల్లుతున్న మదర్‌ను చూసి ఆ అబ్బాయి బిగుసుకుపోయి, అమ్మాయి ఏమడిగినా "అవును మదర్" అన్నాడట. రెండోసారి వచ్చినప్పుడు మదర్ తెలివిగా ఊలుండ మరిచిపోయానంటూ బయటికి వచ్చేసింది. కాసేపటికి లోపలినుంచి వాదన, ఆ వెంటనే నవ్వు వినిపించాయి. మరుసటి ఏడాది వాళ్ళ పెళ్ళికి మేమంతా వెళ్ళాం.

మిగతా ఇద్దరు తండ్రుల కూతుళ్ళలో ఒకమ్మాయి నర్సింగులో చేరింది. రెండో అమ్మాయి సినిమా హాల్లో గేట్‌కీపర్‌ను తనే చూసుకుని పెళ్ళాడింది. వాళ్ళ నాన్న వచ్చి మదర్‌తో, "లగ్గం చేసుకోమని గింతగనం చెప్పాల్నా?" అని మొత్తుకున్నాడు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "మీకెప్పుడూ సంబంధాలు రాలేదా మదర్?"

"ఒకటి వచ్చింది. పదిహేడేళ్ళప్పుడు. చూడటానికి వచ్చిన అబ్బాయి అరటికాయ చిప్స్ అన్నీ తిన్నాడు. ఒక్క మాట కూడా అడగలేదు."

"అడిగి ఉంటే?"

మదర్ అల్లిక ఆపి నిజంగానే ఆలోచించింది. "తెలియదు. చిప్స్ ఇంకొన్ని తెచ్చేదాన్నేమో" అంది.

నేను ముప్పై మూడో ఏట పెళ్ళి చేసుకున్నాను. మదర్ ముందు వరసలో మా అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ తాళి కట్టేదాకా ఆగకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు.